హైయూ దేవికి పెళ్లి చేయాలట

జులై 3

మొదటి చాప్టర్ పద్నాలుగోసారి డిలీట్ చేశాను. ఈసారి నాలుగు పేజీలు వచ్చాయి. నాలుగూ చెత్తే.

ఐదేళ్ల కిందట హైయూ దేవి కథ రాసినప్పుడు ఇంత ఏడుపు లేదు. సముద్రపు నాగరాజు కూతురు అన్‌హాంగ్ అనే మామూలు జాలరిని ప్రేమిస్తుంది. నాగరాజుకి ఒళ్లుమండి అతని పడవ ముంచేస్తాడు. పైలోకానికి వచ్చెయ్ తల్లీ అని దేవతలంతా పిలిచినా ఆమె కదలదు. దీపం పట్టుకుని రాతి మీద వందేళ్లు నిలబడుతుంది. కథ అయిపోయింది. అయిపోయిన కథకి రెండో భాగం ఎక్కణ్ణించి తేను? పోయినవాడు మళ్లీ పుట్టి రావాలట. పెళ్లి జరగాలట. మొదటి భాగం ముగింపు చదివి పాఠకులు ఆఫీసుకి బ్లేడ్లు పోస్టు చేశారు, అట్టపెట్టెడు. మావాళ్లకి రచయిత మీద ప్రేమ ముదిరితే పంపేది అవే.

ఏడో నెల ఏడో రోజు, ప్రేమికుల పండగనాడు, మొదలుపెట్టాలని నా ఎడిటర్ మియావో పట్టు. అంటే ఆగస్టు 29. ఈ యేడు ఆరో నెలకి అధికమాసం వచ్చింది, నెల రోజులు కలిసొచ్చాయి కదా అంటోంది, ఆ నెలేదో తనే కష్టపడి తెచ్చిపెట్టినట్టు.

చువాన్‌జౌలో మా పై ఫ్లాట్‌వాళ్లు టైల్స్ పగలగొడుతున్నారు. అందుకని హౌతౌ వచ్చాను, మేనత్త ఇంటికి. సముద్రం, గాలి, ప్రశాంతత అనుకున్నాను. అత్త సంగతి మరిచిపోయాను.

జులై 6

పొద్దున చిలగడదుంప జావ తాగుతూ అడిగింది, అంతంతసేపు గదిలో ఏం చేస్తున్నావు అని. రెండో భాగం అన్నాను. చెంచా కింద పెట్టేసింది. అడిగావా అంది. ఎవర్ని అన్నాను. దేవిని అంది.

అత్తా, ఆవిణ్ణి పుట్టించింది నేను, నా గదిలో, నా లాప్‌టాప్‌లో అన్నాను. అయితే, అమ్మ కన్నంత మాత్రాన కూతురికి చెప్పకుండా పెళ్లి కుదిర్చేస్తుందా అంది. పైగా నువ్వు రాశావంతే, రోజూ నీళ్లూ పళ్లూ పెట్టేది మేము అంది.

ఇది నా నెత్తిన నేను తెచ్చుకున్నదే. పుస్తకం వచ్చాక ఆడపిల్లలు, ఆవిడ నిలబడింది ఇక్కడేనని ఊరి చివర రాతికి ఎర్రదారాలు కట్టడం మొదలుపెట్టారు. ఎండలో వానలో పాపం అలా వదిలేస్తామా అని గుడి కమిటీ చెక్కతో విగ్రహం చేయించి, సముద్రమాత గుడిలో పడమటి మూల కూర్చోబెట్టింది. అప్పుడు నేను నవ్వి, ఫోటో తీసి ఆన్‌లైన్‌లో పెట్టి గొప్పలు పోయాను. ఇప్పుడు మగవాళ్లు వేటకెళ్లిన ఆడవాళ్లందరూ ఆవిడ దగ్గరికే వస్తారు. ఎదురుచూడటం ఆవిడకి తెలిసినంతగా ఎవరికి తెలుసు అంటారు.

జులై 7

వెళ్లాను. ఏం చేయను, గుడికెళ్లకపోతే జావ కూడా పెట్టనంది అత్త.

మా దగ్గర దేవుణ్ణి అడగాలంటే రెండు చెక్కలు వెయ్యాలి. నెలవంక ఆకారం, ఒకవైపు చదును, ఒకవైపు ఉబ్బు. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే సరే అన్నట్టు. రెండూ బోర్లా పడితే కాదు. రెండూ వెల్లకిలా పడితే దేవి నవ్వుతోందని, నువ్వడిగిందాంట్లోనే ఏదో తేడా ఉందని. పెద్ద విషయాలకి వరసగా మూడుసార్లు సరే రావాలి.

గుడి చూసుకునే త్సాయ్ తాత చెక్కలు చేతిలో పెట్టి, పేరు, పుట్టిన తేదీ, ఉండే అడ్రసు చెప్పుకో అన్నాడు. ఈవిడకి నేను తెలియకపోవడమేమిటి తాతా, ఈవిడ కనుబొమ్మలు ఎలా ఉంటాయో అరపేజీ రాసింది నేను అన్నాను. వరసలో నీ వెనక పన్నెండుమంది ఉన్నారు, త్వరగా చెప్పు లాన్ అన్నాడు.

చెప్పాను. వేశాను. కాదు. మళ్లీ వేశాను. కాదు. తొమ్మిదిసార్లు వేశాను. ఏడుసార్లు కాదంది, రెండుసార్లు నవ్వింది. ఆల్చిప్పలమ్మే సూ పెద్దమ్మ నా వెనక నిలబడి, మీ తల్లీకూతుళ్ల గొడవ రేపు చూసుకోండి, నాకు బేరముంది అంది.

జులై 8

ఇవాళా కాదంది.

జులై 12

మియావో ఫోన్. విషయం చెబితే పది నిమిషాలు నవ్వింది. నువ్వు రాసిన దేవతే నీకు పర్మిషన్ ఇవ్వట్లేదా, అబ్బ, దీన్ని ప్రచారానికి వాడుకుందాం అంది. నేను ఏడుస్తున్నానని చెప్పాను. ఆ ఏడుపు చాప్టర్లలో పెట్టు అంది.

ముప్ఫయ్యో చాప్టర్‌కల్లా పెళ్లి అయిపోవాలట. అతను రాగానే ఆమె ఒక్క చూపులో గుర్తుపట్టాలట. కామెంట్లలో పాఠకులు ఈసారి కూడా కలపకపోతే బ్లేడ్లు కాదు, కత్తిపీటలు పంపిస్తామంటున్నారట. ఎంత ప్రేమో చూడు అంది.

జులై 18

దేవిని పక్కన పెట్టి, దొంగతనంగా రాశాను. అన్‌హాంగ్ వచ్చాడు. పడవ దిగాడు. నేనొచ్చేశాను అన్నాడు. ఆ తర్వాత ఆమె ఏం చేస్తుంది? మూడు రోజులుగా వాడు ఒడ్డునే నిలబడి ఉన్నాడు, నేను ఆమె చేత ఒక్క మాట మాట్లాడించలేకపోయాను. ఏడిపిస్తే అబద్ధంలా ఉంది. నవ్విస్తే ఇంకా పెద్ద అబద్ధంలా ఉంది.

ఎందుకు రావట్లేదో నాకు తెలుసు. మొదటి భాగం నా ఊహ కాదు. అది అత్త.

ఇరవై ఆరేళ్ల కిందట తుఫానుకి యోంగ్‌ఫా మామయ్య పడవ పోయింది. నలుగురు వెళ్లారు. మూడు శవాలు దొరికాయి. మామయ్యది దొరకలేదు. నాకప్పుడు ఏడేళ్లు. అమ్మానాన్న జిన్‌జియాంగ్‌లో బూట్ల ఫ్యాక్టరీలో ఉండేవాళ్లు, నన్ను పెంచింది అత్తే. రోజూ సాయంత్రం మేడ మీద కిటికీలో దీపం పెట్టేది. వాళ్ల అత్తగారు, ఆ ముసలమ్మ, కింద నుంచి, పెట్టావా అని అడిగేది. పెట్టాను అనేది. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. మామయ్య పోయాడని కాగితం రాయించుకోమంటే రాయించుకోలేదు. ఊరంతా అత్తని చేతులెత్తి మొక్కేది. నేను ఆ కిటికీని రాయి చేశాను, అత్తని దేవిని చేశాను, మామయ్యని నా ఇష్టమొచ్చినంత అందగాణ్ణి చేశాను. ఒక్క మాట అడిగి చేసింది కాదు.

అత్తకి చదవడం అంతంతమాత్రం. ఆల్చిప్పలు విప్పుతూ ఫోన్‌లో ఆడియో వింటుంది. నా పుస్తకం నాలుగుసార్లు వింది. బాగుందనలేదు, బాగోలేదనలేదు.

ఇవాళ అన్నం దగ్గర ధైర్యం చేసి అడిగాను. అత్తా, ఇప్పుడు మామయ్య గుమ్మంలోకి వస్తే నీకేమనిపిస్తుంది అని. చేప ముల్లు తీసి పక్కన పెట్టి, ముందు నీ అన్నం తిను అంది.

జులై 25

మోసం! పచ్చి మోసం!

నేను రోజూ ఎనిమిదింటికి గుడికెళ్లి చెక్కలు వేస్తుంటే, అత్త రోజూ ఐదింటికే వెళ్లి వస్తోందట. వేరుశెనగ మిఠాయి పెట్టి, మా పిల్ల వచ్చి అడుగుతుంది, ఒప్పుకోవద్దు తల్లీ అని మొక్కుతోందట. సూ పెద్దమ్మ చెప్పింది. నీకంటే ముందు లంచం ముట్టిందమ్మా, ఇంక నీ మాటెవరు వింటారు అంది. వరసలో అందరూ నవ్వారు. అందరికీ తెలుసన్నమాట, నాకు తప్ప.

ఇంటికొచ్చి అరిచాను. నా పుస్తకం, నా బతుకు, నా గడువు అన్నాను. చిన్నప్పటి నుంచి నువ్వింతే, నేను దేనికైనా సరదా పడితే అడ్డం పడతావు అన్నాను. అది నిజం కూడా కాదు. అత్త కత్తి ఆపలేదు. ఆల్చిప్ప విప్పింది, ఇంకోటి విప్పింది. ఆవిణ్ణి అలా ఉండనీరాదూ, బాగానే ఉంది కదా, ఇప్పుడు పెళ్లికేం తొందర అంది.

నీకు మామయ్య రాలేదని దేవికి కూడా ఎవరూ రాకూడదా అన్నాను.

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

జులై 26

మాట్లాడటం లేదు. కానీ నాకిష్టమని ఆల్చిప్పల అట్టు వేసి, మూత పెట్టి వెళ్లింది.

ఆగస్టు 3

మియావో నాకు చెప్పకుండా ప్రకటన పెట్టేసింది. హైయూ దేవి నిరీక్షణ ఫలించింది, అన్‌హాంగ్ వస్తున్నాడు, ఆగస్టు 29 అని. ఊళ్లో ప్రతి ఫోన్‌లోకీ అది వచ్చేసింది.

సాయంత్రం త్సాయ్ తాత, కమిటీవాళ్లిద్దరూ వచ్చారు. టీ తాగి, నిదానంగా విషయం చెప్పారు. దేవికి పెళ్లంటే ఊరికి శుభం. పెళ్లయ్యాక మొగుడు ఒకచోట, పెళ్లాం ఒకచోట ఉంటే బాగోదు కదా. అందుకని ఆయనకీ విగ్రహం చెక్కిస్తున్నారట. పండగనాడు పక్కన కూర్చోబెడతారట. తాతా, ఇంకా నేను రాయనేలేదు అన్నాను. నువ్వు మెల్లగా రాసుకో, మాకు చెక్క ఆరడానికి టైమ్ కావాలి అన్నాడు.

ముఖం ఎలా ఉండాలన్నది సమస్య. అదీ వాళ్లే తేల్చేశారు. ఈ కథ ఎవరిదో ఊరందరికీ తెలుసు కదమ్మా అని అత్త వైపు తిరిగి, మా యోంగ్‌ఫా ముఖమే పెడదాం, ఇన్నేళ్ల నీ తపస్సుకి ఊరు ఇచ్చే గౌరవం, ఒక ఫోటో ఇవ్వు అన్నాడు. ఫోటోలు లేవు అంది అత్త. ఫరవాలేదు, పడవల సంఘం గ్రూప్ ఫోటో ఉంది అన్నాడు తాత.

వాళ్లు వెళ్లాక అత్త కప్పులు కడిగింది. కడిగినవే మళ్లీ కడిగింది.

ఆగస్టు 9

చెప్పేసింది.

పెరట్లో ఇద్దరం ఆల్చిప్పల బుట్ట ముందు కూర్చున్నాం. తలెత్తకుండా, మీ మామయ్య పోలేదు అంది. నేను ఏదో వేదాంతం అనుకుని ఊఁ కొట్టాను. పోలేదే, జౌషాన్‌లో ఉన్నాడు అంది.

మామయ్య పోయిన పదకొండో ఏడు, ఎవరో బంధువు జౌషాన్ చేపల మార్కెట్లో అచ్చం అతనిలాంటివాణ్ణి చూశానన్నాడట. మోకాళ్ల డాక్టర్ దగ్గరికని ఊళ్లో చెప్పి, ఒక్కతే బస్సెక్కి వెళ్లింది. నాకా ప్రయాణం గుర్తే. నాకు ఎర్ర క్లిప్పులు తెచ్చింది. అక్కడ ఆయన ఒక కొట్లో పొడుగు వెండి చేపలు కోస్తున్నాడట. ఎనిమిదేళ్ల ఆడపిల్ల క్యారియర్ తెచ్చి, నాన్నా అని పిలిచిందట. ఆ పిల్ల తల తడిమాడట, చేతికి చేపల నీచున్నా సరే. అత్త పక్క కొట్లో కిలో చేపలు కొనుక్కుని తిరిగొచ్చేసింది. ఒక్క మాట కూడా అడగలేదా అన్నాను. ఏమడగాలి, కనిపిస్తూనే ఉంది కదా అంది.

మరెందుకు చెప్పలేదు? ఇంట్లో ముసలమ్మ ఉంది కదే అంది. కొడుకు సముద్రంలో పోయాడంటే ఆవిడ తట్టుకుంది, రోజూ దీపం పెట్టించుకుంది, బతికింది. కొడుకు తల్లిని వదిలేసి హాయిగా చేపలమ్ముకుంటున్నాడంటే తట్టుకునేదా? జౌషాన్ నుంచి వచ్చాక ఆ దీపం ఆయన కోసం కాదే, ఆవిడ కోసం అంది. ముసలమ్మ తొంభై రెండేళ్లు బతికి ఆరేళ్ల కిందట పోయింది. యేడు తిరిగాక చెప్పేద్దామనుకుందట.

అప్పుడే నీ పుస్తకం వచ్చింది అంది.

నాకు ఆ బుట్టలో తల పెట్టేయాలనిపించింది.

ఫోన్‌లో వినేదాన్ని అంది. అబ్బో, ఎంత మంచివాణ్ణి చేశావో ఆయన్ని. ఆయన వేణువు వాయించడమేమిటే, ఈల కూడా రాదు. పోనీలే, పిల్ల కష్టపడి రాసింది, పేరొచ్చింది, చెడగొట్టడమెందుకని ఊరుకున్నాను. ఇప్పుడు ఆయన్ని తీసుకొచ్చి పెళ్లి కూడా చేస్తావా? గుళ్లో కూర్చోబెట్టి నా చేత దణ్ణం పెట్టిస్తారా?

నేను అందరికీ చెప్పేస్తానన్నాను. కత్తి నా వైపు చూపించి, చెప్పావంటే ఈ గుమ్మం తొక్కకు అంది. చెబితే ఊరికి నా మీద జాలి మొదలవుతుంది, ఇన్నేళ్లూ గౌరవం తిని ఇప్పుడు జాలి తినలేను అంది.

ఆగస్టు 11

త్సాయ్ తాతతో చెప్పి చూశాను. నా కథలో అన్‌హాంగ్ ముఖం అలా ఉండదు తాతా, కోలముఖం, గడ్డం చిన్నది, ఆపేయించు అన్నాను. రాసినమ్మాయివి, చూసినదానివి కాదు కదా అన్నాడు.

ఆగస్టు 16

విగ్రహం వచ్చింది. మామయ్యే. నవ్వుతో సహా మామయ్యే. సూ పెద్దమ్మ ఆ చెక్కపాదాలు పట్టుకుని భోరుమని ఏడ్చింది. దొరికిన ఆ మూడు శవాల్లో ఒకటి వాళ్లాయనది. నువ్వన్నా తిరిగొచ్చావురా అంది.

అత్త దూరం నుంచి చూసింది. ముక్కు ఎక్కువ చెక్కారు అని మాత్రం అంది.

ఆగస్టు 20

మియావోకి ఫోన్ చేసి, అతను తిరిగి రాడు, నేను రాయను అన్నాను. కారణం చెప్పలేను కదా. మూడు నిమిషాల్లో నాలుగు రకాలుగా మాట్లాడింది. బుజ్జగించింది. తిట్టింది. తనకీ ఉద్యోగమే కదా అంది. చివరికి మెల్లగా, కాంట్రాక్టు ప్రకారం ఆ పాత్రలు కంపెనీవి, నువ్వు కాకపోతే ఇంకొకళ్లు రాస్తారు లాన్, వాళ్లకి వారం చాలు, నీ అంత ఆలోచించరు అంది.

అంటే నేను రాసినా పెళ్లే, రాయకపోయినా పెళ్లే. తల గోడకేసి కొట్టుకుందామంటే అత్త ఇంటి గోడలు రాతివి.

ఆగస్టు 28

రేపు చెక్కలు వేసి దేవి ఒప్పుకోలు అడగాల్సింది అత్తేనని కమిటీ తేల్చింది. వెళ్లకు అన్నాను. ఒంట్లో బాగోలేదని చెబుదాం, చువాన్‌జౌ పోదాం అన్నాను. నాకేం రోగం, నేనెందుకు పారిపోవాలి అంది. మంచి జాకెట్టు ఇస్త్రీ చేసుకుంటోంది.

ఆగస్టు 29, సాయంత్రం నాలుగు

వరసగా రాయాలి.

గుళ్లో కాలు పెట్టే చోటు లేదు. ఊరంతా, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ఆడపిల్లలు, అందరి చేతుల్లో ఎర్రదారాలు, ఫోన్లు. హైయూ పక్కన ఎర్రగుడ్డ కప్పిన కొత్త విగ్రహం. త్సాయ్ తాత గుడ్డ తీశాడు. అందరూ ఆహా అన్నారు. అత్త తలకి పూలు చుట్టుకుని వచ్చింది. పిల్లలు దారిచ్చి, ఈవిడే, ఈవిడే అని గుసగుసలాడారు.

పెళ్లి మాట కాబట్టి ఇద్దరి వివరాలూ చెప్పమ్మా అన్నాడు తాత. అత్త మోకాళ్ల మీద కూర్చుంది. తన పేరు చెప్పింది. దేవి పేరు చెప్పింది, ఉండేది హౌతౌ, సముద్రమాత గుడి, పడమటి మూల అంది. తర్వాత ఊపిరి తీసుకుని, ఆల్చిప్పలు బేరమాడే గొంతుతో చెప్పింది. వరుడు కో యోంగ్‌ఫా. పాము సంవత్సరంలో పుట్టాడు. ఉండేది జౌషాన్, చేపల మార్కెట్, తూర్పు వరస, పదకొండో కొట్టు. పదిహేనేళ్ల కిందటి మాట తల్లీ, మారి ఉంటే నువ్వే కనుక్కో.

తాత వంగి, అమ్మా, సముద్రగర్భం అని చెప్పాలి అన్నాడు, మతి తప్పిందనుకుని. ఆయన ముఖం పెట్టి, ఇంకెవరిదో అడ్రసు చెబితే దేవికి అబద్ధం చెప్పినట్టు కాదా అంది అత్త. పెళ్లాం ఉంది, కూతురుంది, అది కూడా చెప్పమంటారా అంది.

అత్త చెక్కలు వేసింది. రెండూ వెల్లకిలా పడ్డాయి. ఒక పిల్ల తెలియక, నవ్వింది, దేవి నవ్వింది అని గట్టిగా అరిచింది.

అందరూ అత్తని మెచ్చుకున్నారని రాస్తే బాగుండేది. కాదు. సూ పెద్దమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. ఆ రోజు మా ఆయన పక్కనే కదే పడవలో కూర్చున్నాడు అంది. ఎక్కడ దిగాడు, మా ఆయన్నెందుకు దింపలేదు, ఆ ఒక్క మాట అడిగి రావద్దా నువ్వు అంది. పదిహేనేళ్లు నా పక్కన కూర్చుని ఆల్చిప్పలు విప్పావే అంది. అడగాలని తోచలేదు, తప్పు నాదే అంది అత్త. సూ పెద్దమ్మ చెయ్యెత్తింది. కొట్టలేదు. ఆ చేత్తోనే అత్త తల్లో పూలు తీసి నేల మీద పడేసి వెళ్లిపోయింది.

ఇద్దరం నడిచి ఇంటికొచ్చాం. మాకు ఎవరూ అడ్డం రాలేదు, ఎవరూ తోడూ రాలేదు. నాకు అత్త మీద ఎంత గర్వంగా ఉందో, సూ పెద్దమ్మని తలుచుకుంటే అంత సిగ్గుగా ఉంది.

ఆగస్టు 30

వీడియో దేశమంతా తిరుగుతోంది. మియావో పొద్దున్నుంచి పదకొండుసార్లు ఫోన్ చేసింది. వేరేవాళ్లు రాసింది ఆపించాను, ఇదే రాయి లాన్, ఇంతకంటే గొప్ప రెండో భాగం లేదు అంటోంది. అత్తని అడక్కుండా ఒకసారి రాశాను, చాలు అని ఫోన్ పెట్టేశాను.

విగ్రహానికి ఇంకా ప్రాణప్రతిష్ఠ కాలేదు కాబట్టి అది ఉత్త చెక్కేనని కమిటీ తేల్చింది. సామాన్ల గదిలో గోడ వైపు తిప్పి పెట్టారు.

సెప్టెంబర్ 1

సూ పెద్దమ్మ జౌషాన్ బస్సెక్కింది. అడ్రసు కోసం మా ఇంటికి రాలేదు. గుళ్లో విన్నది చాలంది.

సెప్టెంబర్ 4

అత్త, నేను టౌన్లో కోర్టుకి వెళ్లాం. విడాకుల ఫారం. కారణం అన్న గడి దగ్గర ఆగింది. రచయిత్రివి కదా, ఏం రాయాలో చెప్పు అంది. నేను పెన్ను అందుకుని మాటలు వెతుక్కుంటున్నాను. పెన్ను లాక్కుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ తనే రాసింది.

అతను బతికే ఉన్నాడు.